"అమ్ముడయ్యాక ఇస్తాం" అనడం మానేశాం: కొండపల్లి బొమ్మలతో ఒక వాలంటీర్ కళా సమితి అనుభవం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన రోజు. దసరా అమ్మకాల కోసం మా కళా సమితి సేకరించిన కొండపల్లి బొమ్మలన్నీ ఆ పేటలోనే, ఒక సభ్యురాలి ఇంటి కింది గదిలో ఉన్నాయి. పదకొండు కుటుంబాలు చేసిన సరుకు, పద్దెనిమిది అట్టపెట్టెలు. ఆవిడ అత్తగారినీ పిల్లలనూ తీసుకుని డాబా మీదికి ఎక్కేసింది. మనుషులు దక్కారు, అదే పదివేలు. పెట్టెలు పైకి చేర్చే వ్యవధి లేదు.

వినాయక చవితి వెళ్లిన కొన్ని రోజులకు, నీళ్లు తీశాక, నలుగురం వెళ్లి ఆ గది తలుపు నెట్టాం. అట్టపెట్టెలు బురదలో కలిసిపోయాయి. వాటి మధ్య ఏనుగుల కాళ్లు, ఎడ్లబండి చక్రాలు, తాటిచెట్టు మట్టలు వేటికవే విడిపోయి పడున్నాయి.

కొండపల్లి బొమ్మను ఒకే కర్రలో చెక్కరు. ఏనుగు ఒళ్లు, తొండం, చెవులు, పైన అంబారీ, అందులో కూర్చున్న మనుషుల చేతులు, అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పొడిగా ఉన్నంతకాలం ఆ అతుకు గట్టిగా ఉంటుంది. రోజుల తరబడి నీళ్లలో నానితే మళ్లీ ముద్దయిపోతుంది. రంగు ఎంత బాగా వేసినా లోపలి అతుకు వదిలేశాక బొమ్మ నిలబడదు. ఒక్కటీ పనికిరాలేదు.

సరుకు రాసుకున్న నోటుపుస్తకం కూడా ఆ గదిలోనే ఉండిపోయింది. ఆ పుస్తకం పేజీలకు నేను అప్పుడప్పుడు ఫోనులో ఫొటోలు తీసుకునేదాన్ని. వాటిని పట్టుకుని లెక్క కడితే నష్టం రూ.1,12,000 అని తేలింది. ఆ ఫొటోలు లేకపోతే ఎవరి సరుకు ఎంత పోయిందో చెప్పడానికి మా దగ్గర ఆధారమే లేదు. అప్పటి నుంచి ప్రతి ఎంట్రీ రెండు చోట్ల ఉంచుతున్నాం. సరుకు ఇచ్చిన కుటుంబానికి అక్కడికక్కడే ఫోనులో రసీదు పంపుతున్నాం.

ఆ వారంలోనే కొండపల్లి వెళ్లాం, చెప్పాలి కదా. మొదట వెళ్లిన ఇంట్లో భర్త చెక్కుతాడు, భార్య రంగులు వేస్తుంది. నేను విషయం చెప్పాను. ఆయన తల దించుకుని కర్ర వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ కాసేపాగి అడిగింది: "మీ ఇంట్లో ఉన్న సరుకు మీదా, మాదా అమ్మా?"

కోపంగా అడగలేదు, నిజంగా తెలియక అడిగింది. నాకూ తెలియలేదు. ఎనిమిదేళ్లుగా సమితి నడుపుతున్నాం, ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడా రాసుకోలేదు. ఆ ప్రశ్న తర్వాత మా పనిలో ఏం మారింది, ఎక్కడ తప్పటడుగు వేశాం, ఏది ఇంకా తేలలేదు అన్నది ఇలాంటి సమితులు నడిపేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కుటుంబాల గురించి గుర్తుపట్టేంత వివరం ఇవ్వడం లేదు. అంకెలు మా పుస్తకంలోవే.

మేం ఎవరం, ఏం చేస్తాం

2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన చిన్న సంస్థ మాది. అప్పటికి ఇరవై ఆరుగురు సభ్యులం. టీచర్లు, బ్యాంకుల్లో రిటైరైనవాళ్లు, గృహిణులు, ఇద్దరు ఆర్కిటెక్చర్ విద్యార్థులు. జీతం తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. నేను కోశాధికారిని. అంతకుముందు ఒక ప్రైవేటు కంపెనీలో చాలా ఏళ్లు అకౌంట్స్ చూశాను.

మనదేశంలో ఈ పద్ధతి కొత్తదేం కాదు. కమలాదేవి ఛటోపాధ్యాయ 1964లో క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. ప్రభుత్వం చేసే పనికి తోడుగా, చేతివృత్తుల మీద ప్రేమ ఉన్న మామూలు మనుషులు కూడా పూనుకోవాలన్నది ఆ ఆలోచన. మాది వాళ్ల శాఖ కాదు, ఆ దారిలో నడవాలనుకున్న సమితి. పెడన కలంకారీ అద్దకంవాళ్లకు స్టాళ్లు ఇప్పించడం, హరికథ చెప్పేవాళ్లకు ఏడాదికి రెండు మూడు వేదికలు చూడటం, బడుల్లో బొమ్మల తయారీ చూపించడం, ఇవన్నీ చేస్తాం. కానీ మా శ్రమలో ఎక్కువ భాగం కొండపల్లికే పోతుంది. విజయవాడకు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరమే, ఆదివారం పూట వెళ్లి రావచ్చు. కోస్తాలో సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టిన ఏ ఇంట్లో అయినా పై మెట్టు మీదో కింది మెట్టు మీదో కొండపల్లి బొమ్మ ఒకటి ఉండాల్సిందే. మాలో చాలామందికి ఆ బొమ్మలతో బంధం అమ్మమ్మల ఇళ్లలో మొదలైంది.

ఎనిమిదేళ్లూ ఒకటే పద్ధతి. దసరాకు ముందు ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి ఇంటింటికీ వెళ్లి సరుకు తెచ్చేవాళ్లం. హాలు అద్దెకు తీసుకుని అమ్మేవాళ్లం. అమ్ముడైన వాటి మీద నూటికి ఇరవై మినహాయించుకుని మిగతాది ఇచ్చేవాళ్లం. మిగిలిన బొమ్మలు వెనక్కి. ఆ ఇరవైలో హాలు అద్దె, ఆటో, కరపత్రాలు పోగా ఏమీ మిగిలేది కాదు కాబట్టి మాకు మేం సేవ చేస్తున్నామనే అనిపించేది. చేతిలో డబ్బు పెట్టేసరికి సరుకు తెచ్చి మూడు నెలలు దాటేది. ఒక్కోసారి నాలుగు.

ఎవరూ గొడవ పెట్టుకోలేదు. గొడవ లేదంటే అంతా బాగుందనుకున్నాం.

పదకొండు రోజుల లెక్క

వరద తర్వాత కొండపల్లిలో ఆ దంపతుల ఇంటికి నేను చాలాసార్లు వెళ్లాను. పోయిన సరుకుకు డబ్బు ఎంత ఇవ్వాలో తేల్చాలంటే బొమ్మకు నిజంగా ఎంత పడుతుందో తెలియాలి. అది మా దగ్గర లేదు, వాళ్ల దగ్గరా లేదు. అందుకని ఒక వరస పని మొదటి నుంచి చివరి దాకా రాద్దామని ఒప్పించాను. మధ్య సైజు అంబారీ ఏనుగులు, పది.

బొమ్మలకు వాడేది తెల్ల పొణికి కర్ర. తేలికగా, మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. పచ్చి కర్ర మీద పని చేస్తే తర్వాత బీటలిస్తుంది కాబట్టి సన్నని సెగ మీద తేమంతా పోయేలా ఆరబెడతారు. తర్వాత చెక్కుడు, ఆకురాయితో నునుపు చేయడం, మక్కుతో అతకడం, సందులు పూడ్చడం, తెల్ల పూత, అది ఆరాక రంగులు. చివర్లో కళ్లు, నగలు, అంబారీ అంచులు. ఈ చివరి పనికి మేకవెంట్రుకల సన్న కుంచె కావాలి, నిబ్బరం కావాలి, పగటి వెలుగు కావాలి. ఆవిడ మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకిట్లో కూర్చుని వేసేది.

ఆయన చెక్కుడుకు ఆరు రోజులు పట్టింది. ఆవిడ పూతకూ రంగులకూ కలిపి ఐదు రోజులు. కర్ర, రంగులు, కుంచెలు, గరుకు కాగితం అన్నీ కలిపి రూ.1,400. కరెంటు, ఆటో, సెగ పెట్టేటప్పుడు బీటలిచ్చి పోయిన ముక్కలు మరో రూ.300. మేం ఒక్కోటి రూ.600కు అమ్మి రూ.480 ఇచ్చేవాళ్లం. పదింటికి రూ.4,800. ఖర్చులు పోతే రూ.3,100.

"ఆరు రోజులకు మూడు వేల వంద. రోజుకు ఐదొందల పైమాటే. ఫర్వాలేదు కదండీ" అన్నాడాయన.

ఆరు రోజులా? ఆ లెక్కలో ఆవిడ ఐదు రోజులు లేవు. నేను కాగితం మీద పదకొండుతో భాగించి చూపించాను. రూ.282. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలీ రూ.300. గునపం పట్టుకుని చెరువు మట్టి తవ్వినా అంతకంటే ఎక్కువ వస్తుంది. తరతరాలుగా వస్తున్న పని, పేరున్న పని, దేశమంతా తెలిసిన బొమ్మ. రోజుకు రూ.282.

ఇందులో ఇంకొకటి చేరలేదు. కర్రకూ రంగులకూ పెట్టుబడి వాళ్ల దగ్గర ఉండదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. మేం మూడు నాలుగు నెలలు ఆలస్యం చేస్తే ఆ వడ్డీ కట్టింది ఎవరు? వాళ్లే. ఒక్క వరసకు వందో నూట యాభయ్యో అని తీసిపారేయొచ్చు. సీజనుకు పది పన్నెండు వరసలు చేసే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కళాకారులకు అండగా ఉండటానికి పుట్టిన సమితి వాళ్ల చేతే అప్పు చేయించి తన స్టాళ్లు నింపుకుంది. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. కానీ ఆ కాగితం మీద అంకెలు అదే చెప్పాయి.

ఎవరి నష్టం?

అక్టోబరులో సర్వసభ్య సమావేశం జరిగింది. వరద ఎవరి తప్పూ కాదు, ఇళ్లు మునిగిన సభ్యులే ముగ్గురు ఉన్నారు, నష్టాన్ని చెరి సగం భరిద్దాం అని కొందరు అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బొమ్మలు దాచిన సభ్యురాలు తన ఇంట్లో సామానంతా పోగొట్టుకుంది. ఆవిడ ముందు కూర్చుని డబ్బుల మాట మాట్లాడటం ఎవరికీ ఇష్టం లేదు.

చివరికి ఆవిడే లేచి చెప్పింది. "సరుకు నా ఇంట్లో పెట్టుకోమన్నది మనం. వాళ్లు కాదు. అక్కడ పెట్టొద్దని చెప్పే వీలు కూడా వాళ్లకు లేదు." ఆ తర్వాత వాదన ఎక్కువసేపు సాగలేదు. మొత్తం ఇవ్వాలని తీర్మానించాం. సభ్యులం తలా కొంత వేసుకుని, సమితి ఖాతాలో ఉన్న పాత మిగులు కలిపి, డిసెంబరు లోపు మూడు విడతలుగా పదకొండు కుటుంబాలకూ రూ.1,12,000 చెల్లించాం. ఇద్దరు సభ్యులు సమితి వదిలి వెళ్లారు. వాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవమే. హాలు అలంకరణ మొత్తం వాళ్లే చూసేవాళ్లు, ఆ లోటు ఇంకా తీరలేదు.

మిగిలిన ఇరవై నలుగురం 2025 సంక్రాంతి అయ్యాక మళ్లీ కూర్చున్నాం. తలా పదివేలు వడ్డీ లేని డిపాజిట్‌గా వేసి రూ.2,40,000 నిధి చేశాం. ఇది విరాళం కాదు, సభ్యత్వం మానుకుంటే వెనక్కి ఇచ్చే డబ్బు. ఆ నిధితో ఇకపై సరుకు కొంటాం, అమ్మిపెట్టడం ఉండదు. ఆర్డరు రోజున సగం, సరుకు మా చేతికి వచ్చిన రోజునే మిగతా సగం. సరుకు గుమ్మం దాటగానే అది మాది. పోయినా, పగిలినా, అమ్ముడుకాకపోయినా మాదే.

నా ఉద్దేశంలో మొత్తం మార్పులో ముఖ్యమైనది ఈ ఒక్క వాక్యమే. మిగతావన్నీ దాని వెనకాల వచ్చాయి.

ఇంకో నియమం కోసం నేను పట్టుబట్టాను. డబ్బు రెండు ఖాతాలకు వెళ్లాలి. చెక్కుడు వాటా చెక్కినవాళ్లకు, రంగుల వాటా రంగులు వేసినవాళ్లకు. కొన్ని ఇళ్లలో మగవాళ్లకు ఇది నచ్చలేదు. "ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఈ పంపకాలెందుకండీ?" అని ఒక పెద్దాయన అడిగారు. వాదించలేదు. "రంగులు బయట వేయిస్తే డబ్బులు ఇస్తారు కదండీ, అదే ఇది" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. బొమ్మకు కట్టే చీటీ మీద కూడా చెక్కినవారి పేరు, రంగులు వేసినవారి పేరు రెండూ రాస్తున్నాం.

ధర ఎక్కడ నిలిచింది

రోజుకు రూ.600 పడేలా లెక్కేస్తే మేం ఒక్కో అంబారీకి రూ.830 ఇవ్వాలి, రూ.1,000కి అమ్మాలి. పాత ధర రూ.600. ఒక్కసారిగా అంత పెంచితే సరుకు మా దగ్గరే పేరుకుపోయి, మరుసటి ఏడాది ఆర్డరు ఇవ్వడానికి నిధే ఉండదని భయం. కుటుంబాలతో కూర్చున్నాం. మొదటి ఏడాదికి రూ.700 ఇచ్చి రూ.850కి అమ్ముదామని తేలింది. అప్పుడు రోజుకు సుమారు రూ.480 పడుతుంది. ఇది న్యాయమైన ధర అని నేను అనను. రూ.282 దగ్గర నుంచి ఒక మెట్టు పైకి వచ్చాం, అంతే.

ఆశ్చర్యం ఏమిటంటే, రూ.850కి కొనేవాళ్లు మేం భయపడినంత బేరం ఆడలేదు. అమ్మకం దగ్గర ఒక చిన్న బల్ల మీద పచ్చి కర్ర ముక్క, చెక్కిన ముక్కలు, అతికిన ఏనుగు, తెల్ల పూత ఏనుగు, రంగులు వేసిన ఏనుగు వరసగా పెట్టాం. ఎవరైనా ధర అడిగితే ఆ వరస చూపించి పది బొమ్మలకు పదకొండు రోజులు అని చెప్పేవాళ్లం. బొమ్మల కొలువు పెట్టే పెద్దవాళ్లు చాలామంది ఆ బల్ల దగ్గర ఆగిపోయేవారు.

ఉగాది తర్వాత ఆర్డర్లు ఇవ్వడం కూడా కలిసొచ్చింది. ఎండాకాలంలో కర్ర త్వరగా ఆరుతుంది, పూతలు ఆరుతాయి. పాత పద్ధతిలో వాళ్లకు చేతిలో డబ్బు ఆడేది సంక్రాంతి తర్వాతే. అది అప్పులకు పోయేది. మళ్లీ పెట్టుబడి దొరికేసరికి వర్షాలు మొదలయ్యేవి. తడి రోజుల్లో హడావిడిగా చేసిన బొమ్మలో తేమ ఉండిపోయి, రంగు కింద బుడగలు వచ్చేవి. "నాణ్యత తగ్గింది" అని మేమే వాళ్లకు చెప్పేవాళ్లం. మా డబ్బు వేసవిలో రాకపోవడమే దానికి ఒక కారణమని మాకు తట్టలేదు.

కాగితాల పని

ఒక ప్లే స్కూలు నుంచి బొమ్మల కోసం ఆర్డరు వచ్చింది. అంతలోనే వాళ్ల మేనేజరు ఐఎస్ఐ మార్కు ఉందా అని అడిగాడు. లేదంటే వద్దన్నాడు. ఈ ప్రశ్న చాలామంది చేతివృత్తివాళ్లను భయపెడుతోంది కాబట్టి వివరంగా చెప్తాను.

కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల ఆటబొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కానీ 2020 డిసెంబరులోనే దానికి సవరణ వచ్చింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతివృత్తిదారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చట్టప్రకారం ఇచ్చే జీఐ గుర్తింపు) ఉన్న బొమ్మలను ఆ గుర్తింపు యజమానిగానో అధీకృత వినియోగదారుగానో నమోదైనవాళ్లు తయారుచేసి అమ్మితే వాటికీ మినహాయింపు ఉంది. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే ఊరికి గుర్తింపు ఉంటే చాలదు, చేసే మనిషి పేరు నమోదై ఉండాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతున్నారు.

మా పదకొండు ఇళ్లలో చూస్తే మగవాళ్లలో ఎక్కువమందికి పెహచాన్ కార్డు, అంటే హస్తకళల కమిషనర్ కార్యాలయం ఇచ్చే చేతివృత్తిదారు గుర్తింపు కార్డు ఉంది, ఆడవాళ్లలో ఇద్దరికే ఉంది. మిగిలినవాళ్లందరితో దరఖాస్తులు పెట్టించాం. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఇవి సరిచేయించడానికే రెండు నెలలు పట్టింది. మా ఆర్కిటెక్చర్ విద్యార్థులిద్దరూ సెలవుల్లో ఈ పనే చేశారు. డిజైన్ వర్క్‌షాపు పెడదామని ఉత్సాహంగా వచ్చిన పిల్లలు. మీ సేవ కౌంటర్ల ముందు లైన్లలో నిలబడ్డారు. ఆ పిల్లలు చేసిన మేలు మా ఎనిమిదేళ్ల ప్రదర్శనలు చేసినదాని కంటే ఎక్కువని నేను నమ్ముతున్నాను.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో సంప్రదాయ బొమ్మల తయారీ కూడా ఉంది. శిక్షణ, పనిముట్లకు రూ.15,000, తక్కువ వడ్డీ అప్పు. మంచి పథకమే, కానీ కుటుంబానికి ఒక్కరికే. ఒక ఇంట్లో చెక్కేవాళ్లూ రంగులు వేసేవాళ్లూ ఇద్దరూ ఉంటే ఎవరి పేరు పెట్టాలి? అడగకుండానే అన్ని ఇళ్లలో మగవాళ్ల పేరే పెట్టారు. అందుకే ఆడవాళ్ల పెహచాన్ కార్డుల విషయంలో అంత పట్టుబట్టాం. అది మనిషికి ఇచ్చే కార్డు.

మినహాయింపు కాగితాలు చూపించాక ప్లే స్కూలు ఆర్డరు నిలబడింది. అయినా ఒక మాట. మార్కు నుంచి మినహాయింపు ఉంటే పసిపిల్లల నోటికి ఆ బొమ్మ మంచిదని అర్థం కాదు. చిన్న అతుకులు ఊడొచ్చు, రంగు నోట్లోకి పోవచ్చు. అందుకని అలంకరణ బొమ్మలన్నిటికీ "మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి" అని చీటీ కడుతున్నాం. ప్లే స్కూలుకు కూడా అదే చెప్పి, టీచరు చేతిలో ఉంచి కథలు చెప్పేందుకే ఇచ్చాం.

ఎక్కడ దెబ్బతిన్నాం

మొదటి తప్పు పూర్తిగా మాదే. ఆఫీసు బల్లల మీద పెట్టుకునేందుకు పెన్ను స్టాండ్లు బాగా పోతాయని మాలో కొందరు అనుకుని, ఏనుగు బొమ్మతో అరవై పెన్ను స్టాండ్లు చేయించారు. దసరా అయ్యేసరికి పద్నాలుగు అమ్ముడయ్యాయి. కొండపల్లి బొమ్మ కొనడానికి వచ్చినవాళ్లు దశావతారాలో, ఎడ్లబండో, కల్లుగీత కార్మికుడు ఎక్కిన తాటిచెట్టో కావాలని వస్తారు. ఇది మాకు తెలియని విషయం కాదు, సరదా పడ్డాం.

అయితే ఈ నష్టం నాకొకటి నేర్పింది. పాత పద్ధతిలో కూడా మేం ఇలాంటి సరదాలు చాలా పడ్డాం. కీ చైన్లు, గోడ గడియారాలు, ఫొటో ఫ్రేములు. అవి అమ్ముడుకాక ఆ ఇళ్లకే తిరిగి వెళ్లేవి. మా ఆలోచన తప్పయితే వాళ్ల పదిహేను రోజుల పని పోయేది, మాకు నొప్పి తెలిసేది కాదు. ఇప్పుడు మిగిలిన నలభై ఆరు పెన్ను స్టాండ్లు మా గదిలో ఉన్నాయి. ఎవరైనా కొత్త ఐడియా చెబితే ముందు ఆ అర వైపు చూస్తాం, తర్వాత చేసేవాళ్లను అడుగుతాం.

రెండోది సరుకు తీసుకునేటప్పుడు వచ్చిన తగాదా. మాది అయిపోతుంది కాబట్టి మా వాళ్లు కొందరు మరీ నిక్కచ్చిగా చూడటం మొదలుపెట్టారు. ఈ కన్ను పెద్దదైంది, ఈ ముఖంలో కళ లేదు అని పక్కన పెట్టారు. ఒక ఇంట్లో అమ్మాయి ఏడ్చింది. అచ్చు పోసిన బొమ్మ కాదు కదా, రెండు ముఖాలు ఒకలా ఉండవు. అతుకు కదిలినా, పూత తడిగా ఉన్నా, బీట కనిపించినా మాత్రమే వెనక్కి ఇవ్వాలని రాసుకున్నాం. అది కూడా బాగు చేసి ఇవ్వడానికే. ముఖం గురించి మాట్లాడే హక్కు మాకు లేదు.

మూడోది అన్నిటికంటే బాధపెట్టింది. కొండపల్లి షాపులవాళ్లు ఏడాది పొడవునా కొంటారు, అవసరానికి అడ్వాన్సులిస్తారు. అడ్వాన్సు తీసుకున్న షాపుకే సరుకు ఇవ్వాలన్నది ఆనవాయితీ. మా ఆర్డరు పెద్దది తీసుకున్న ఒక కుటుంబం వేసవిలో షాపు ఆర్డరు సమయానికి ఇవ్వలేకపోయింది. షాపు వాళ్లకు పని ఆపేసింది. మేం ఏడాదికి రెండుసార్లు కొంటాం. షాపు నెలనెలా కొంటుంది. మధ్య నెలల్లో ఆ ఇల్లు ఎలా గడవాలి? వాళ్ల తరఫున మా అధ్యక్షుడు వెళ్లి షాపు యజమానితో మర్యాదగా మాట్లాడారు. నెలన్నర తర్వాత పని మళ్లీ మొదలైంది. షాపులు వాళ్లను పీడిస్తాయని, మేం విడిపిస్తామని బయటి నుంచి వచ్చినవాళ్లకు తేలిగ్గా అనిపిస్తుంది. జ్వరం వస్తే రాత్రి పదింటికి రెండువేలు ఇచ్చేది ఆ షాపే. ఇప్పుడు ఏ ఇంటికీ వాళ్లు చేసే పనిలో మూడో వంతుకు మించి ఆర్డరు ఇవ్వడం లేదు.

2025 దసరా దాకా

ఉగాది నుంచి దసరా వరకు రూ.2,31,000 సరుకు కొన్నాం. మొత్తం డబ్బు చెప్పిన రోజునే ఇచ్చాం, ఒక్కసారి మాత్రం బ్యాంకు సర్వరు పనిచేయక మర్నాడు వెళ్లింది. దసరా అమ్మకాల్లో సుమారు మూడింట రెండు వంతులు పోయింది. మిగతాది సంక్రాంతికి ఉంచాం. సరుకంతా ఇప్పుడు రెండో అంతస్తులో, ఒక సభ్యుడి ఇంట్లో, నేల మీద కాకుండా ఇనుప అరల్లో ఉంది.

కర్ర సంగతి మాత్రం మా చేతిలో లేదు. కొండపల్లి అడవిలో తెల్ల పొణికి తగ్గిపోయింది. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది, దూరం నుంచి తెప్పిస్తే ఖర్చు పెరుగుతుంది. మేం ఎంత ధర పెంచినా అందులో కొంత కర్రకే పోతోంది. అటవీ శాఖకూ హస్తకళల అధికారులకూ కుటుంబాలతో కలిసి అర్జీలు ఇచ్చాం. మొక్కలు నాటడం, నాటినవి బతికించడం వాలంటీర్లు ఆదివారాల్లో చేసే పని కాదు.

పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారా అని చాలామంది అడుగుతారు. మొదట చెప్పిన ఇంట్లో కొడుకు డెలివరీ ఉద్యోగం చేస్తున్నాడు, మానలేదు. రోజుకు రూ.480 చూపించి మానమని చెప్పే ధైర్యం నాకు లేదు.

దసరా అమ్మకాల లెక్క చెప్పడానికి అక్టోబరులో ఆ ఇంటికి వెళ్లాను. సంక్రాంతికి ఏం చేద్దామని అడిగితే ఆవిడ లోపలికి వెళ్లి ఒక రూళ్ల పుస్తకం తెచ్చింది. కొడుకు చిన్నప్పటి బడి పుస్తకం, వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. పేరంటం బొమ్మ కొత్తది ఒకటి చేసి, దాని లెక్క అందులో రాసుకుంది. ముత్తయిదువలు ముగ్గురు, మధ్యలో గొబ్బెమ్మ. చెక్కుడు రోజులు ఒక వరసలో, రంగుల రోజులు పక్క వరసలో, కర్ర, రంగులు కింద. చివర గీత గీసి ఒక్కో దానికి రూ.940 అని వేసింది. నేను మనసులో అనుకున్నదాని కంటే నూట నలభై ఎక్కువ.

పుస్తకం తీసుకుని మళ్లీ కూడి చూశాను. రోజులు సరిగ్గానే ఉన్నాయి. చీరల అంచుల దగ్గర మూడు కుంచెలు మార్చాలని, ఒక్కో చీరకు ఎంతసేపు పడుతుందో ఆవిడ వివరించింది. ఆయన పక్కనే కూర్చుని ఆకురాయి పడుతూ వింటున్నాడు, మధ్యలో మాట్లాడలేదు.

పది బొమ్మలు చేయమన్నాను. రూ.4,700 అడ్వాన్సు ఆ సాయంత్రమే రెండు ఖాతాలకూ పంపాం.